తుంటి ఎముక... వేలికి ఊతం!

నాగారంలో ఓ ఇల్లాలు నీళ్ల బిందె ఎత్తబోయిందనుకుందాం. చిటికెన వేలు పుటుక్కుమంది. రోజూ ఎత్తే బిందెకే ఎముక విరుగుతుందా? బెణికిందేమోనని నొప్పుల మందు రాస్తారు. వాపు తగ్గకపోతే ఎక్కడో కట్టు కట్టిస్తారు. రెండు నెలల తర్వాత ఎక్స్‌రే తీస్తే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. లోపల కణితి పెరిగి, ఎముక గుడ్డు పెంకులా పలచబడిపోయింది!

'కణితి' అన్న మాట వినగానే ఇంటిల్లిపాదికీ ఒకటే భయం. క్యాన్సరా? వేలు తీసేస్తారా?

పేరు తెలియాలి ముందు

చేతిలో 27 ఎముకలుంటాయి. మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. వీటిలో పుట్టే కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఎన్‌కాండ్రోమా. ఎముక లోపల మృదులాస్థి కణాలు గుమిగూడి పెరగడమే ఇది. క్యాన్సర్‌ కాదు. చాలామందికి నొప్పి కూడా ఉండదు. వేలు విరిగినప్పుడో, మరెందుకో ఎక్స్‌రే తీసినప్పుడో బయటపడుతుంది.

జెయింట్‌సెల్‌ ట్యూమర్‌ అలా కాదు. చేతి ఎముకల్లో అరుదే గానీ, వస్తే మొండిది. ఎక్కువగా 20-40 ఏళ్ల వాళ్లలో కనిపిస్తుంది. ఎముకను తొలుచుకుంటూ పోతుంది, తీసేసినా మళ్లీ రావచ్చు. అరుదుగా ఊపిరితిత్తులకూ పాకుతుంది. అసలైన ఎముక క్యాన్సర్లు చేతిలో చాలా తక్కువ.

పైకి అన్నీ ఒకే వాపులా కనిపించొచ్చు. అందుకే ఎక్స్‌రే, అవసరమైతే ఎమ్మారై, అనుమానముంటే బయాప్సీ. కణితి ఏదో తేలితేనే ఎంత తీయాలి, ఏం మిగల్చాలి అన్నది తేలుతుంది.

తొలిచి... నింపి

ఎన్‌కాండ్రోమా అయితే ఎముకకు చిన్న కిటికీ లాంటి రంధ్రం చేసి, లోపలి కణితిని గోకి తీసేస్తారు. ఏర్పడిన గుంతను తుంటి ఎముక నుంచి తీసిన మెత్తని ఎముకతోనో, కృత్రిమ ఎముక పొడితోనో నింపుతారు. గుంత చిన్నదైతే దానంతటదే పూడుకోవచ్చు కూడా. వేలు అప్పటికే విరిగి ఉంటే, చాలా సందర్భాల్లో ముందు అతకనిచ్చి, ఆ తర్వాత ఆపరేషన్‌ చేస్తారు.

జెయింట్‌సెల్‌ ట్యూమర్‌ ఎముకను బాగా తినేస్తే గోకడం సరిపోదు. కణితి ఉన్న ముక్కను మొత్తంగా కోసి తీయాల్సిందే. ఆ ఖాళీలో తుంటి నుంచి తెచ్చిన ఎముకను కొలతకు చెక్కి, సన్నని తీగలతోనో ప్లేటుతోనో బిగిస్తారు. ఖాళీ పొడవుగా ఉంటే మోకాలి కింద పక్కగా ఉండే ఫిబులా అనే సన్నని ఎముక అక్కరకొస్తుంది. శరీర బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది దాని పక్కనున్న పెద్ద ఎముకే. కాబట్టి చీలమండ దగ్గరి భాగాన్ని వదిలి, మధ్యలో ముక్క తీసుకున్నా నడక ఆగదు.

ఫిబులాను దాని రక్తనాళాలతో సహా తీసి, కొత్తచోట మైక్రోస్కోప్‌ కింద కలిపి కుట్టే పద్ధతిని ఆస్ట్రేలియా సర్జన్‌ ఇయాన్‌ టేలర్‌ బృందం 1975లో వెల్లడించింది. మామూలుగా పెట్టిన ఎముక ఓ పందిరి గుంజ లాంటిది. దాన్ని ఆసరా చేసుకుని కొత్త ఎముక మెల్లగా అల్లుకోవాలి. రక్తనాళాలతో పెట్టిన ఎముక మాత్రం మొదటి రోజు నుంచే సజీవంగా ఉంటుంది.

ఒక్క సంగతి. వేలును కాపాడాలన్న ఆశతో కణితిని కొంత వదిలేస్తే అసలుకే ఎసరు. ప్రాణాంతకమైన కణితి అయితే వేలినే వదులుకోవాల్సి రావచ్చు. నాలుగు వేళ్ల చేతితోనూ కలం పట్టొచ్చు, కూర తరగొచ్చు.

సగం వైద్యం కట్టు విప్పాకే

ఎముక అతకడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా వేలు కదలకపోతే నరాల్లా కనిపించే కండరాల తాళ్లు చుట్టూ అతుక్కుపోతాయి. ఎముక గట్టిపడినా పిడికిలి బిగియదు. 1940ల చివర్లో రాయవేలూరు సీఎంసీలో డాక్టర్‌ పాల్‌ బ్రాండ్‌ కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టినప్పుడూ, కత్తి పని తర్వాత కసరత్తులు తప్పనిసరి అయ్యాయి. డాక్టరు అనుమతించిన రోజు నుంచే వేళ్లు కదిలించాలి. పొగ తాగితే ఎముక అతుకు ఆలస్యమవుతుంది. అది మానాలి. జెయింట్‌సెల్‌ ట్యూమర్‌ మళ్లీ వచ్చేది ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. కాబట్టి నొప్పి లేకపోయినా పిలిచినప్పుడల్లా ఎక్స్‌రేకు వెళ్లాలి.

మళ్లీ ఆ నాగారం ఇల్లాలి దగ్గరికొద్దాం. సికింద్రాబాద్‌ గాంధీ ఆసుపత్రి గానీ, పంజాగుట్ట నిమ్స్‌ గానీ, క్యాన్సర్‌ అనుమానమైతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే గానీ ఆమెకు మరీ దూరం కాదు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెబుతారు. ఆమె చేయాల్సింది ఒక్కటే... చిన్న బరువుకే వేలు విరిగినా, వాపు నెల దాటినా నూనె మర్దనలు, కట్లు పక్కనపెట్టి ముందు ఓ ఎక్స్‌రే తీయించుకోవడం. గుంత చిన్నగా ఉన్నప్పుడే పూడ్చడం తేలిక!