చేప బతికే ఉందంటే నీళ్లు బాగున్నట్టేనా?

వీడియో చూసే ముందు ఈ నాలుగు ముక్కలు చదవండి.

పురుగుమందుల మాట ఎత్తితే చాలామంది అనేది ఒకటే: "మందు నీళ్లు మురుగు కాలవలోకి పోతే ఏమైందండీ? చేపలు తిరుగుతూనే ఉన్నాయి కదా!" ఈ లెక్క తప్పు అంటాను నేను. చేప చావడం ఆఖరి సంగతి. అంతకు ముందే దాని లివర్ దెబ్బతింటుంది.

ల్యాబ్‌లో 96 గంటల్లో సగం చేపలు చచ్చే మోతాదును ఎల్‌సీ-50 అంటారు. అంతకంటే బాగా తక్కువ మందున్న నీళ్లలో చేప ఈదుతూనే ఉంటుంది. కానీ రక్తం తీసి చూస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగి ఉండొచ్చు. మనకు ఆసుపత్రిలో చేసే లివర్ టెస్టులో ఉండేవే ఇవి. కణాల లోపల ఉండాల్సిన ఎంజైములు రక్తంలోకి కారాయంటే కణం పొర దెబ్బతిన్నట్టే.

లివర్ ఊరికే లొంగిపోదు. విషాన్ని విరిచే కెటలేజ్, ఎస్‌ఓడీ, జీఎస్‌టీ (పన్ను కాదండోయ్, ఇదీ ఎంజైమే) మొదట్లో ఎక్కువగా తయారవుతాయి. మందు వస్తూనే ఉంటే అలసిపోయి పడిపోతాయి. అందుకే ఒక్కసారి చూసి "నార్మల్" అనుకుంటే మోసపోతాం. పెరిగి పడుతున్న దారిలో అదొక మజిలీ కావచ్చు.

సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి పశువులకు అంత ప్రమాదం కాదంటారు. నిజమే, వాటి ఒంట్లో తొందరగా విరిగిపోతాయి. చేపలో ఆ పని చాలా నెమ్మది. గేదెకు పరవాలేదన్న మందు చేపకు గండం.

ఇక మన వైపు కూడా చూసుకుందాం. చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి వేసే ఇప్పచెక్క చెట్టు నుంచి వచ్చిందే. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది. ప్రకృతిది కాబట్టి చేపకు మంచిదే అనుకోవద్దు. కషాయం డ్రమ్ములు చెరువులో కడగొద్దు. వరిలో చేపలు పెంచేవాళ్లు కషాయం కొట్టేముందు వాటిని గుంటలోకి మళ్లించండి, ఆ నీళ్లు గుంటలోకి దిగకుండా గట్టు వేయండి.

కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు నీళ్లు కొల్లేరుకు చేరతాయి. అక్కడి చేప మన కంచంలోకి వస్తుంది. నీళ్ల పరీక్ష ఆ రోజు నీళ్ల సంగతే చెబుతుంది. చేప లివర్ అయితే అది బతికిన నీళ్ల చరిత్ర చెబుతుంది. మురుగు కాలవల చేపలకు ఏటా పంట కాలంలో ఎంజైమ్ పరీక్షలు చేసి, ఫలితాలు పంచాయతీలో అతికించాలని మత్స్యశాఖను అడుగుదాం. అడగడానికి మనకు హక్కుంది.