వెయ్యిలో రెండు రూపాయలు

బడంగ్‌పేట్‌లో నేను కిరాయికుంటున్న ఇంటి చుట్టూ ఒకప్పుడు పొలాలే. ఇప్పుడు హద్దురాళ్లు. 2008లో శంషాబాద్‌ విమానాశ్రయం మొదలైనంక ఈ దిక్కు భూమిని ఎకరాల్లో లెక్కపెట్టేవాళ్లు తగ్గిపోయారు, అంతా గజాల లెక్కే. ఇక్కడి నుంచి ఆరాంఘర్ దాటితే రాజేంద్రనగర్. 1964లో పుట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. వరి పరిశోధన సంస్థ, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, ఊరూరా సేకరించిన విత్తనాలను దాచే కేంద్రం కూడా అక్కడివే. తండాల నుంచి, గూడేల నుంచి పట్నం వచ్చిన మన పిల్లలు ఆ గేట్ల ముందు నుంచి బస్సుల్లో పోతుంటారు. లోపల ఏం జరుగుతుందో మనం ఎన్నడూ అడగలేదు.

2024 జనవరిలో ఆ విద్యార్థులు రోడ్డెక్కారు. వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూమిలో 100 ఎకరాలను కొత్త హైకోర్టుకు కేటాయిస్తూ ఇచ్చిన జీవో 55ను వెనక్కి తీసుకోవాలన్నారు. వాళ్ల మాట నెగ్గలేదు. మార్చి 27న శంకుస్థాపన జరిగిపోయింది. హైకోర్టు వద్దని ఎవరూ అనరు. భవనం లేని జాగా అంతా ఖాళీ జాగానే అనే చూపు మీదే నా కోపం. ఆ చూపు మనకు కొత్తదా? మన పోడు భూములను చూసింది కూడా ఆ కళ్లతోనే కదా!

భూమి పోతే కంటికి కనిపిస్తుంది. పైసలు పోతే కనిపించదు. 2025-26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అందులో వ్యవసాయ పరిశోధన, విద్య శాఖకు ఇచ్చింది 10,466 కోట్లు. అంటే వెయ్యి రూపాయల్లో రెండు రూపాయలు. పరిశోధనలో పెట్టిన ప్రతి రూపాయికి 13.85 రూపాయల ఫలితం వస్తుందని 2023-24 ఆర్థిక సర్వేలో ప్రభుత్వమే రాసుకుంది. వ్యవసాయం నుంచి వచ్చే ఆదాయంలో కనీసం ఒక శాతమైనా పరిశోధనకు ఇవ్వాలని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఈ గోస మన దేశానిదే కాదు. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని తెగ్గొట్టగానే, దాని మీద నడిచే పంట పరిశోధనలు అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆగిపోయాయి. అక్కడి శాస్త్రవేత్తలు కూడా చట్టసభల సభ్యుల తలుపులు తట్టాల్సి వచ్చింది.

"వాళ్ల గొడవ మనకెందుకు? మా అవ్వకు విత్తనం దాచడం ఏ శాస్త్రవేత్త నేర్పాడు?" అని మనలో కొందరు అంటారు. నిజమే, ఎవరూ నేర్పలేదు. బూడిద కలిపి కుండలో దాచిన ఆ విత్తనమే ఈ రోజు శాస్త్రానికి పునాది. అయితే పరిశోధన ప్రభుత్వం చేతిలోంచి జారిపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. పత్తి చేను చూడండి. ఆదిలాబాద్ గోండు రైతు కూడా ఏటేటా దుకాణంలో పత్తి ప్యాకెట్ కొనాల్సిందే. హైబ్రిడ్ విత్తనం దాచుకుంటే మళ్లీ అదే పంట రాదు. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ ప్యాకెట్ సుమారు 1,600 రూపాయలు పలికింది. అందులో పెద్ద వాటా కంపెనీకి కట్టే రాయల్టీయే. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రాయల్టీ మీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసిన తర్వాత ధర 750కి దిగింది. విత్తనం మీద పట్టు ఒకరి చేతికి పోతే, దాని ధర కోసం ప్రభుత్వమే కొట్లాడాల్సి వచ్చింది. ఇక రైతు సంగతి చెప్పాలా?

ఇప్పుడు మన పంటలకు రండి. తెలంగాణలో తైదలంటాం, మన్యంలో చోళ్లంటారు. సామలు, కొర్రలు ఉన్నాయి. వీటి విత్తనం మనం దాచుకుంటాం, చుట్టాలకు ఇస్తాం, మళ్లీ చల్లుతాం. మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో ఆ హక్కును ఒప్పుకుంది. దాచుకునే విత్తనంలో కంపెనీకి లాభం లేదు. లాభం లేని పంట మీద కంపెనీ ఎందుకు ఖర్చు పెడుతుంది? తైదలకు అగ్గి తెగులు వస్తే చూడాల్సింది ప్రభుత్వ పరిశోధనే. భారతి, శ్రీ చైతన్య అనే రాగి రకాలు విజయనగరం కేంద్రం నుంచి వచ్చాయి. కొండ ప్రాంతపు పంటల కోసం చింతపల్లిలో ఒక పరిశోధనా స్థానం ఉంది. సామలు దంచడం ఎంత చాకిరీయో మన ఆడవాళ్లను అడగండి. ఆ చాకిరీకి జడిసే ఎన్నో ఇళ్లలో సామలు మానేశారు. దాన్ని తగ్గించే చిన్న మిషన్ తయారు చేయడం కూడా పరిశోధనే.

అలాగని శాస్త్రవేత్తలకు దండం పెట్టి ఊరుకోమని నేను చెప్పడం లేదు. వాళ్లు మన గూడేలకు వచ్చి విత్తనం తీసుకుపోయారు. దానికి నంబరు వేసి చలిగదిలో పెట్టారు. ఇచ్చిన అవ్వ పేరు ఎంతమందికి గుర్తుంది? గిరిజన ఉప ప్రణాళిక పేరుతో టార్పాలిన్లు, స్ప్రేయర్లు పంచి ఫొటోలు దిగడం చూస్తూనే ఉన్నాం. ఈ లెక్క అడగాల్సిందే. కానీ ఆ చలిగది ప్రభుత్వానిదైతేనే లెక్క అడగగలం. అది అమ్ముడుపోయిన రోజున మన విత్తనాన్ని మనమే కొనుక్కోవాలి. కొరాపుట్ ఆదివాసీ రైతు కమలా పుజారి వందకు పైగా దేశవాళీ వరి రకాలను కాపాడింది. 2019లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. బిరుదు మంచిదే. ఆమెలాంటివాళ్లు పరిశోధన నిర్ణయాలు చేసే బల్ల దగ్గర కూర్చునేది ఎప్పుడు?

తెలంగాణ శాసనసభలో మనకు 12 రిజర్వుడు స్థానాలు ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో 7. ఈ 19 మందిని రోడ్డు అడిగాం, బోరు అడిగాం, హాస్టల్ అడిగాం. చోళ్ల పరిశోధనకు ఎంత ఇచ్చారని ఒక్కసారైనా అడిగామా? యువత ఇప్పుడు అడగాలి. పరిశోధన పైసలకు కోత పెట్టవద్దని, పరిశోధన భూములు ముట్టవద్దని, మన పంటలకు వేరుగా వాటా చూపాలని, తీసుకున్న ప్రతి విత్తనం పక్కన ఊరి పేరు రాయాలని అడగాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, రేపు బడిలో పిల్లలతో ఒక పని చేయించండి. ఇంట్లో ఏ విత్తనం ఉందో, దాని పేరు మన భాషలో ఏమిటో, ఎవరు దాచారో రాసుకు రమ్మనండి. ఆ కాగితాలు పట్టుకుని మన ఎమ్మెల్యే ఇంటికి పోదాం. వెయ్యిలో రెండు రూపాయలు ఎవరి కోసం ఖర్చవుతున్నాయో అక్కడే అడుగుదాం.