నష్టం పూడాక ఎవరి వాటా?
పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా ఫ్యాక్టరీకి సరుకు తెచ్చే లారీ డ్రైవర్ వీలుంటే కర్ణాటకలోనే ట్యాంకు నింపుకుని వస్తాడు. మన ఆంధ్రలో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్, ఆపై లీటరుకు 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఒక రూపాయి. సరే, అది రాష్ట్రం బాదుడు. మరి చమురు కంపెనీల సంగతో? 2022-23లో హెచ్‌పీసీఎల్‌కు దాదాపు 9 వేల కోట్ల నష్టం వచ్చిన మాట నిజమే. మరుసటి ఏడాది ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్‌తో కలిపి ఆ మూడూ సుమారు 81 వేల కోట్లు మిగుల్చుకున్నాయి. బంకులో తగ్గించింది లీటరుకు 2 రూపాయలు. అదీ 2024 మార్చి 15న, ఎన్నికల షెడ్యూలుకు సరిగ్గా ఒక్కరోజు ముందు! పాత నష్టం పూడ్చుకునేదాకా ధర దించకపోవడం న్యాయమే అనుకుందాం. పూడాక మిగిలింది డివిడెండుగా ఢిల్లీకి పోతే పెనుకొండ ఆటోవాలాకు ఒరిగిందేమిటి? ఎంత పూడింది, ఎప్పుడు దించుతారు, ఆ లెక్క బంకు బోర్డు మీదే రాయమనండి.