గల్ఫ్ ఆంగ్ల పత్రికలు - తెలుగు కార్మికుడు

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో ప్రారంభమైనప్పటి నుండి, గల్ఫ్ దేశాలకు బయలుదేరువారిని సాగనంపే కుటుంబాలు మన ప్రాంతమున నిత్యము కనిపించే దృశ్యమే. కరీంనగర్, నిజామాబాదు జిల్లాల రైతుబిడ్డలు, కడప జిల్లా స్త్రీలు, పాతబస్తీ యువకులు ఒకే వరుసలో నిలబడతారు. వారు దిగే దేశంలో వారు చదువదగిన పత్రిక ఏది అను ప్రశ్నను విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచాము.

ప్రవాసుల నిమిత్తము గల్ఫ్‌లో ఆంగ్ల దినపత్రికలు చాలాకాలముగా ఉన్నవి. కువైట్ టైమ్స్ 1961లోను, జిద్దా నుండి అరబ్ న్యూస్ 1975లోను, దుబాయి నుండి ఖలీజ్ టైమ్స్, గల్ఫ్ న్యూస్ 1978లోను వెలువడినవి. అరబ్బీ రానివారికి ఆ దేశపు చట్టములను, వార్తలను తెలుపుట వీటి ప్రయోజనము. స్వదేశ వార్తలు, క్రికెట్టు, నమాజు వేళలు, రూపాయి మారకపు ధర అన్నీ ఉంటాయి. ఎమిరేట్లలో పదిమందిలో సుమారు తొమ్మండుగురు విదేశీయులే కనుక, పేరుకు పరాయివారి పత్రికయైనను నిజమునకు అది అధిక సంఖ్యాకుల పత్రిక! ఈ సేవను తక్కువచేసి మాట్లాడుట మా ఉద్దేశము కాదు.

అయితే అది ఆంగ్లము వచ్చిన ప్రవాసికే అక్కరకు వస్తుంది. మన నిబంధనలనే చూడండి. 1983 నాటి వలసల చట్టము క్రింద, సాధారణముగా పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్‌లో ఉద్యోగమునకు వెళ్ళుటకు ప్రత్యేక అనుమతి పొందవలెను. చదువు తక్కువైనవానికి రక్షణ కావలెనని ప్రభుత్వమే అంగీకరించినది. అట్టివానికి ఆపదలో కావలసిన సమాచారము మాత్రము అరబ్బీలోనో ఆంగ్లములోనో అచ్చవుతుంది.

ఆ పత్రికల ప్రకటనల పుటలలో ఒక విశేషము కలదు. కార్మికుని ఛాయాచిత్రము వేసి, ఇతడు మా కొలువు విడిచిపోయినాడు, ఇతని లావాదేవీలకు మాకు బాధ్యత లేదు అని యజమాని ప్రకటిస్తాడు. ఆ కార్మికుడు తన బొమ్మను గుర్తుపట్టగలడు. క్రింద వ్రాసినది మాత్రము మరొకరు చదివి చెప్పవలసినదే. గడువు మీరి నిలిచిపోయినవారు జరిమానా లేకుండ ఇల్లు చేరుటకు కువైట్ 2018లోను, ఎమిరేట్లు 2018లో, మరల 2024లోను క్షమాభిక్ష ప్రకటించినవి. ఆఖరి తేదీ తెలియనివానికి ఆ క్షమ ఉన్నా లేనట్లే.

ఉర్దూ పాఠకులకు 1994లో జిద్దా నుండి ఉర్దూ న్యూస్, మలయాళీలకు 1999లో మలయాళం న్యూస్ లభించినవి. తెలుగువారికి అట్టి దినపత్రిక దక్కలేదు. పత్రిక ప్రకటనల మీద బ్రతుకుతుంది. మలయాళీలలో కూలీలతో పాటు దుకాణదారులూ ఉన్నారు. ప్రకటన ఇచ్చువాడు, చదువువాడు ఒకే భాషవారు. లేబరు క్యాంపులో ఉండే మన కార్మికునికి సరుకు అమ్మజూపేవాడు ఎవరు?

చేతిలో ఫోను ఉండగా పత్రిక ఎందుకని కొందరనవచ్చు. ఫోనులో చేతులు మారి వచ్చే కబురుకు తేదీ ఉండదు, చెప్పినవాని పేరు ఉండదు. గడువు పెంచారట అన్న ఒక్క పుకారు చాలు, మనిషి జైలు పాలగుటకు. అచ్చు పత్రికకు సంపాదకుడనే జవాబుదారి ఉంటాడు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు ఒకే కప్పు క్రింద ఉన్నవి. వీసా, ఇఖామా, వేతన బకాయిల గురించి గల్ఫ్ ఆంగ్ల పత్రికలలో వచ్చే ప్రకటనలను సులభమైన తెలుగులోకి, ఉర్దూలోకి మార్చి, మూలపత్రిక పేరు, తేదీలతో సహా నెలకొక గోడపత్రిక వెలువరింపవచ్చును. ప్రతి అనువాదమును అధ్యాపకులు సరిచూడవలెను. ఒక్క అంకె తప్పినా కీడే. తెలుగు వంతు పనికి మేము సిద్ధము. కాగితము, జిరాక్సు ఖర్చులను కార్యవర్గము మంజూరు చేయవలసియున్నది. గల్ఫ్‌లో బంధువులున్న విద్యార్థులు ఆ గోడపత్రికను ఫోనుతో ఫొటో తీసి పంపిన చాలును. క్యాంపులో ఒకడు చదివితే గదిలోని పదిమందీ వింటారు.