కుక్కకి గాలి సోకలేదు, పళ్ళు పాడయ్యాయి

పదేళ్ళు బుద్ధిగా ఇంట్లో పెరిగిన పొమేరియన్ ఒకరోజు మనవడి మీదికి పళ్ళు చూపించి ఎగబడిందనుకోండి. మనవాళ్ళు ఏమంటారు? "పిల్లాడికి గాలి సోకింది, మనకి కనపడనివి కుక్కకి కనపడతాయి" అని ఒకరు. "శని పట్టింది, నల్లకుక్కకి రొట్టె పెట్టండి" అని ఇంకొకరు. ఇవేవీ నమ్మని చదువుకున్నవాళ్ళు "తిన్న ఇంటికే ద్రోహం, విశ్వాసం లేని కుక్క" అని తీర్పు చెప్పేస్తారు. నన్నడిగితే మూడూ ఒక్క బాపతే. ముగ్గురిలో ఒక్కరూ కుక్కని చూడలేదు.

నేను రక్షణశాఖ లెక్కల్లో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేసి రిటైరయ్యాను. వివరం దొరకని మొత్తాన్ని మేం సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. కానీ అక్కడే వదిలేస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. వోచరు వెతికి అది ఏ పద్దుకి చెందిందో తేల్చాల్సిందే. గాలి, గ్రహం, ద్రోహం అనేవి మన సమాజం తెరిచిన సస్పెన్స్ ఖాతాలు. వాటిని ఆడిట్ చేసేవాడు లేడు.

వోచరు కుక్క ఒంట్లోనే ఉంది. చిన్నజాతి కుక్కల దవడ చిన్నది, పళ్ళు ఇరుకు. పాచి పేరుకుని చిగుళ్ళ జబ్బు వాటికి ఎక్కువగా వస్తుంది. మోకాలిచిప్ప పక్కకి జారడమూ వాటిలో మామూలే. వయసు మీదపడ్డాక కీళ్ళనొప్పులు, కళ్ళలో శుక్లాలు, చెవుడు మొదలవుతాయి. కొన్నిటికి మెదడు కూడా మందగిస్తుంది. మనుషుల్లో మతిమరుపు జబ్బులాగే, రాత్రిళ్ళు నిద్రలేక తిరుగుతాయి, తెలిసినవాళ్ళనే పోల్చుకోలేవు.

ఇక పిల్లాడి సంగతి. పరిగెడతాడు, కేకలు పెడతాడు, వెనకనుంచి వచ్చి ఎత్తుకుంటాడు, మొహంలో మొహం పెడతాడు. సగం కనపడక, సగం వినపడక, నొప్పితో పడుకున్న ముసలి ప్రాణికి అది ముద్దుగా తోచదు, దాడిలా తోస్తుంది. నా నొప్పి మోకాలి మీద మనవడు దూకితే నేనూ కసురుకుంటాను. నాకు గాలి సోకిందని ఎవరూ అనరే!

మా అపార్టుమెంటులో ఒకరు ఇలాంటి కుక్కకే దిష్టి తీయించి, మెడలో తాయెత్తు కట్టించారు. ఖర్చు రెండువేల అయిదువందలు. నెల గడిచినా కసరడం తగ్గలేదు. చివరికి పశువుల డాక్టరు నోరు తెరిచి చూస్తే రెండు పళ్ళు కదిలిపోయి చీము పట్టి ఉన్నాయి. వాటిని తీసేశాక కుక్క నెమ్మదించింది.

"తాయెత్తు కడితే పోయేదేముంది?" అంటారు కొందరు. ఆ నెలరోజులూ ప్రమాదంలో ఉన్నది పసిపిల్లాడు. కుక్క ముందు మొహం తిప్పుకుంటుంది, పెదవులు నాక్కుంటుంది, ఒళ్ళు బిగిస్తుంది, తర్వాతే గుర్రుమంటుంది. అది హెచ్చరిక. మనం కొట్టి దాన్ని మాన్పిస్తే ఇక మిగిలేది కాటే. పిల్లలు పొట్టివాళ్ళు కాబట్టి ఆ కాటు మొహం మీదే పడొచ్చు. గాటు పడితే పసుపు, కారం, మంత్రం పనికిరావు. పారే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌కి రేబీస్ రాకుండా వేసింది టీకా, చదివింది మంత్రం కాదు. ఆ జబ్బు లక్షణాలు కనపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

"కరిచే కుక్క మాకొద్దు" అని ఊరి చివర వదిలేసి వచ్చే మహానుభావులు ఇంకో రకం. సరైన కారణం లేకుండా జంతువుని ఆకలిదప్పులకి వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకి జరిమానా 50 రూపాయలకి మించదు. శిక్ష చవకైనంత మాత్రాన తప్పు చిన్నదైపోదు.

చేయవలసింది కొంచెమే. పశువుల డాక్టరుకి చూపించండి. మనం వేసుకునే నొప్పిబిళ్ళలు వేయకండి, కుక్కలకి అవి విషమవుతాయి. ఏటా రేబీస్ టీకా వేయించండి. పిల్లలు వెళ్ళకూడని మూల ఒకటి దానికి ఇవ్వండి. చిన్నపిల్లల్ని కుక్కతో ఒంటరిగా వదలకండి. జాతకం చూపించేముందు ఒక్కసారి దాని పళ్ళు చూపించండి.