బోటు ఇంజనుకు రేసు కారు కామ్ పెట్టకండి

గల్ఫ్‌లో బోటు వర్క్‌షాపుల్లో పనిచేసే అన్నలూ, తమ్ముళ్లూ, ఒక మాట. ఓనరు "పెద్ద కామ్, పెద్ద పోర్టుల హెడ్లు వెయ్యి" అనగానే తల ఊపకండి. 454 బిగ్‌బ్లాక్ బోటులో గంటలకొద్దీ లోడు మీదే తిరుగుతుంది. 5000 ఆర్పీఎం లోపల తిరిగేదానికి ఓవల్ పోర్టు హెడ్లే మేలు, కింద టార్క్ బాగుంటుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న కామ్ వేస్తే, ఐడిల్‌లో ఎగ్జాస్టు నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి వస్తాయి. లోబ్ సెపరేషన్ 112-114 డిగ్రీలు చూసుకోండి. సముద్రపు నీళ్లు నేరుగా తిరిగే ఇంజనుకి అల్యూమినియం హెడ్లు వద్దు, ఉప్పు తినేస్తుంది.

పోయినేడు నేను నోరు మూసుకుని చెప్పిన కామే వేశా. నీళ్లెక్కి ఇంజను పోయింది, నా జీతంలో కోశారు. ముందే చెప్పండి. వినకపోతే జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టించుకోండి. తిట్టినా పర్లేదు, జీతం మిగులుతుంది.