సాఫ్ట్‌వేరు అనుమతి పత్రములు - మన విద్యార్థులు

అమీర్‌పేట మైత్రివనము నుండి పంజగుట్ట వైపు నడచువారికి కన్నెత్తిన చోటనెల్ల కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులే కానవచ్చును. ఉన్నత పాఠశాల విడిచి, కాలేజీ ముగించిన మన పిల్లలలో ననేకులు ఆ మెట్లెక్కుచున్నారు. జావా, పైథాను మొదలగునవి అచ్చట కొలది నెలలలో నేర్పుదురు. అది మెచ్చదగిన పనియే. కాని యొక పాఠము పేరు మాత్రము ఆ బోర్డులపై మాకు కానరాలేదు. ఇతరులు వ్రాసిన కోడును ఏ షరతులపై వాడుకొనవచ్చునో తెలిసికొను పాఠమది.

ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు ఊరక దొరకును గనుక యజమాని లేని సొత్తని పలువురు తలంచుచున్నారు. ఇది సరికాదు. మన దేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము, తరువాతి సవరణలతో, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినది. కావున దానికి కర్త గలడు. అతడొసగిన అనుమతికి షరతులును గలవు. ఎం.ఐ.టి. లైసెన్సు కోరునది స్వల్పము: కర్త పేరును, అనుమతి పాఠమును చెరుపక వెంట నుంచవలెను. జి.పి.ఎల్. అంతటితో విడువదు; ఆ కోడును కలిపి కట్టిన సాఫ్ట్‌వేరును పరులకిచ్చువాడు దాని మూలమును గూడ అవే షరతులపై ఈయవలెను. ఈ షరతును పాటింపలేదని ఆరోపించుచు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనువారు 2008లో అమెరికాలో సిస్కో కంపెనీపై వ్యాజ్యము వేసిరి. అది మరుసటి యేట రాజీతో ముగిసెను.

వేలకొలది ఫైళ్లలో ఈ షరతులను ఎవరు వెదకగలరు? అందులకే లైసెన్సు స్కానరులు పుట్టినవి. ఫాసాలజీ, స్కాన్‌కోడ్ అనునవి ప్రసిద్ధములు. అవియు నుచితముగనే లభించును. ప్రతి ఫైలును తెరచి, తామెరిగిన లైసెన్సుల పాఠములతో పోల్చి, ఎచ్చట నేది యున్నదో పట్టిక వ్రాసి చూపును. 2017లో లినక్సు కెర్నెలునందలి 60,537 ఫైళ్లు ఇట్టి పరిశీలనకు వచ్చెను. రెండు స్కానరులు వేరువేరుగా చదివినవి. అటుపై కేట్ స్టూవర్టు అను నామె ఆ ఫలితములను ఒక్కొక్క ఫైలు చొప్పున సరిచూచినది. యంత్రము చెప్పినదే వేదమని లినక్సువారు ఊరకుండలేదు చూడుడు!

ఇక మా ముఖ్యాభిప్రాయము. స్కానరు కొన్ని ఫైళ్లకెదురుగా లైసెన్సు కానరాలేదని వ్రాయును. దానిని చూచి అడ్డేమియు లేదని మురియువారు కలరు. నిజమునకు అనుమతి లేనిచోట హక్కులన్నియు కర్తవే. అంతేకాదు, తయారైన ప్రాజెక్టులు చేతులు మారు వీధులలో, ఫైలు తలమీది నాలుగు పంక్తులను ఎవరో తుడిచివేసి యుండవచ్చును. వ్రాసియున్న దానినే చదువు స్కానరు, తుడిచిన పేరును ఎట్లు చదువగలదు? ఆ పేరెక్కడిదో వెదకి పట్టవలసినవాడు ఆ కోడును తెచ్చిన విద్యార్థియే. తన మొదటి ఉద్యోగములో యజమాని అడుగుటకు ముందే అతడీ పని నేర్వవలెనని మా కోరిక.

పాఠశాలలోనే దీనికి మొదలు పెట్టవచ్చును. రామభద్ర, మల్లన్న మొదలగు తెలుగు ఫాంటులు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి. వానితో పుస్తకమచ్చొత్తించి అమ్ముకొనవచ్చును గాని ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు. ఆ లైసెన్సు పాఠమును చదువుటకు తరగతిలో ఒక గంట చాలును. శిక్షణాలయమునకు రుసుము కట్టు తలిదండ్రులును, లైసెన్సు పరిశీలన నేర్పుదురా యని చేరుటకు ముందే అడుగవచ్చును.